పాత తొట్టిలోని పిడికెడు గుజ్జు

నిన్న పొద్దున ల్యాబ్‌లో కొత్త పేపర్ మెషిన్ ట్రయల్ చూస్తుంటే కరుణ గారు ఫోన్ చేశారు.

"సార్, అక్క లేదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనిపించలేదేమో. ఏమన్నారని మళ్లీ అడిగాను. పాపం, ఆమె చేత ఆ మాట రెండోసారి అనిపించాను.

మా సుగుణ మేడం వెళ్లిపోయారు.

ఇది చదివేవాళ్లలో సగం మంది ఆవిడ స్టూడెంట్సే. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. దేవరకొండ దగ్గర మా పేపర్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టింది ఆవిడ. కరుణ గారు ఆవిడ చెల్లెలు.

ఇప్పుడు వచ్చి చూస్తే పెద్ద బిల్డింగు, రీసెర్చ్ ల్యాబ్, పీహెచ్‌డీ స్కాలర్లు కనిపిస్తారు. తెలంగాణ వచ్చిన కొత్తలో అది జిన్నింగ్ మిల్లు వెనక కిరాయికి తీసుకున్న రేకుల షెడ్డు. ఒక సిమెంటు తొట్టి, ఒక గ్రైండరు, ఒక సర్టిఫికెట్ కోర్సు. ఫస్ట్ బ్యాచ్‌లో నేనూ ఉన్నాను.

మా వైపు పత్తి ఏరడం అయిపోయాక కట్టెను చేలోనే తగలబెడతారు. ఆ కట్టెతో పేపర్ చేయాలని మేడం పట్టు. అగ్గిపెట్టె తీసిన రైతు దగ్గరికి పోయి మరీ అడిగేవారు.

ఒక పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "గీ కట్టెతోని కాయితమా? అయితే నాకో బస్సు టికెట్ చేసియ్యి బిడ్డా" అన్నాడు.

మేమంతా పడీ పడీ నవ్వాం. మేడం మాత్రం నవ్వలేదు.

మరుసటి ఏడు మమ్మల్ని మళ్లీ అదే చేనుకు తీసుకెళ్లి, ఆయన చేతిలో బస్సు టికెట్ సైజు ముక్క ఒకటి పెట్టారు. మట్టిరంగులో, గరుకుగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తలకు చుట్టిన రుమాలలో దోపుకున్నాడు. ఆ ఏడు కట్టె మొత్తం మా షెడ్డుకే తోలాడు.

సర్టిఫికెట్ కోర్సు డిప్లొమా అయింది. కొత్త గది, కొత్త తొట్టి వచ్చాయి.

ఆ రోజు మేడం పాత తొట్టిలోంచి పిడికెడు కాగితపు గుజ్జు తీసి, పాలకు తోడేసినట్టు కొత్త తొట్టిలో కలిపారు. డిగ్రీ వచ్చినప్పుడూ అంతే. రీసెర్చ్ ల్యాబ్ తెరిచినప్పుడూ అంతే.

నేను బయట ఎం.టెక్ చేసి, లెక్చరర్‌గా తిరిగొచ్చిన కొత్త. నోరు ఊరుకుంటుందా? గుజ్జు పెరుగు కాదు కదా మేడం, సైంటిఫిక్‌గా దీనికి అర్థం లేదు కదా అన్నాను.

"నాకెర్క లేదా? గీ తొట్టి యాడికెళ్లి వచ్చిందో పిల్లలకు ఎర్కుండాలె" అన్నారు.

మేడం రిటైరయ్యాక ఇన్‌చార్జి నేనే.

పోయిన నెల ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోందన్నారు. పాత తొట్టి కంపు కొడుతోంది. ఉన్న గుజ్జంతా పారబోయించి, బ్లీచింగ్ వేసి మొత్తం కడిగించేశాను.

మేడం మాట గుర్తు రాలేదని రాసుకుంటే నాకు బాగుంటుంది. కానీ గుర్తొచ్చింది. ఇంకా ఎన్నాళ్లీ చాదస్తం అనుకున్నాను.

పోయిన వారం మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి మేడం ఫోన్. మాట మాటకూ ఆయాసం.

"కొత్త మెషిన్ల కలపనీకి గుజ్జు తీసిపెట్టినవా?"

"తీసిపెట్టిన మేడం. ఫ్రిజ్‌ల ఉంది. మీరే వచ్చి కలపాలె."

అంత వివరంగా అబద్ధం చెప్పాను. ఫ్రిజ్‌తో సహా.

తర్వాత చూడ్డానికి కూడా పోలేదు. ట్రయల్ పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఎదురుగా కూర్చుని ఆ మాటే మళ్లీ అడిగితే ఏం చెప్పాలి?

ఈరోజు మేడం సొంతూరు మక్తల్‌లో మట్టి ఇచ్చి వచ్చాం. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక కరుణ గారు నా దగ్గరికి వచ్చారు.

"మీరు గుజ్జు తీసిపెట్టిండ్రని నర్సులకు గూడ చెప్పింది సార్. గా దినం మంచిగ తిన్నది."

నేను తల ఊపాను. నిజం చెప్పే ధైర్యం అప్పుడు కూడా రాలేదు.

నా గదిలో అద్దం ఫ్రేములో ఒక షీట్ ఉండేది. రేకుల షెడ్డులో, ఆ తొట్టిలోనే తీసిన మొట్టమొదటి షీట్. ఇంకోటి లేదు. కమిటీ వాళ్లు కూడా దాని ముందు నిలబడి ఫొటో దిగారు.

దాన్ని ఫ్రేము కట్టించినప్పుడు మేడం నన్ను బాగా ఆట పట్టించారు, కాయితాన్ని జైల్లో వేశావని. క్లాసులో చిరిగిన షీట్‌ని ఎవరైనా చెత్తబుట్టలో వేస్తే ఊరుకునేవారు కాదు. నానబెడితే మళ్లీ గుజ్జే కదా అని తీయించేవారు.

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ అదే మాట బుర్రలో తిరిగింది.

దిగగానే ఇంటికి పోకుండా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి ఫ్రేము విప్పాను. షీట్‌ని చిన్న చిన్న ముక్కలుగా చింపాను. ఇది రాస్తుంటే నా పక్కనే బకెట్‌లో నానుతోంది.

దీనితో నా తప్పు పోతుందని కాదు. ఆవిడ నన్ను నమ్మి, ఆ సంబరంతోనే వెళ్లిపోయారు. అది ఇక ఎన్నటికీ అలాగే ఉంటుంది.

రేపు పిల్లలందరినీ నిలబెట్టి కొత్త మెషిన్‌లో దీన్ని కలుపుతాను. పాత తొట్టి ఎందుకు ఖాళీగా ఉందో కూడా వాళ్లకు చెబుతాను. కరుణ గారూ, మీరు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. రేపు మీరు రావాలి.

మేడం, ఆ రోజు ఫ్రిజ్‌లో ఏమీ లేదు.

ఇప్పుడు బకెట్‌లో పిడికెడు ఉంది.

ఆయాసం లేని చోట, ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండండి.