మూడో అంతస్తు మెట్ల మీద నాలుగో గొంతు

మా చిన్నప్పుడు గల్ఫ్‌లో, అబూ హలీఫాలో మధ్యాహ్నం అన్నాలయ్యాక పెద్దాళ్లంతా ఏసీ కింద పడి గురకలు పెట్టేవాళ్లు... ఆ వేళ మా బిల్డింగ్ మెట్లు మావి.

మూడో అంతస్తు మలుపులో జాన్ అన్న, విజ్జి, నేను. జాన్ అన్నవాళ్లదీ మాదీ కడపే. నాన్నలిద్దరూ సబ్హాన్‌లో ఒకే షెడ్డులో మెకానిక్‌లు. విజ్జి విజయవాడ ఇంజనీరుగారి కూతురు... మాతో తిరగొద్దని వాళ్లమ్మ రోజూ చెప్పేది, అది రోజూ వచ్చేది.

ఒకసారి షెడ్డుకి తుక్కు కింద వచ్చిన అమెరికా కారులో క్యాసెట్ ఒకటి ఇరుక్కుని ఉంటే, నాన్న పీకి తెచ్చి జాన్ అన్నకిచ్చాడు. రాక్ అండ్ రోల్ పుట్టిన కొత్తలోని పాటలంట... గిటారు లేదు, డోలు లేదు. నలుగురు కుర్రాళ్లు, అన్నీ నోటితోనే. ఒకడు పాడతాడు, ఒకడు డుం డుం అంటాడు, ఒకడు ఊ... అని సాగదీస్తాడు, చివరివాడు జవాబు చెప్తాడు.

అంతే! జాన్ అన్న ముందు జుట్టుకి కొబ్బరినూనె పట్టించి కోడిపుంజులా లేపాడు. తెలుగులో సొంతంగా పాట కట్టాడు.

"మనమూ నలుగురం కావల్ల రా."

"ముగ్గురమే కదన్నా ఉండేది?"

"మెట్లు ఉండాయి గదరా!"

నిజమే... అక్కడ అరిస్తే రెండు క్షణాలాగి పైనుంచి గొంతు తిరిగొచ్చేది. అందుకే ప్రతి చరణం చివరా ఖాళీ వదిలాడు. మేం నోరు మూసుకుంటాం... మెట్లు అందుకుంటాయి.

ఒకరోజు బిల్డింగ్‌కి కాపలా కాసే హారిస్ చాచా నా చెవి మెలేశాడు. "ఘర్ గయా, ఫిర్ భీ గానా? ఖలాస్ బోలా నా!"

మేం ఇళ్లకి పోయాక కూడా మెట్ల మీద ఈ పాటేంటని ఆయన గోల. కుక్క అరుపు నుంచి చాచా దగ్గు దాకా అన్నీ దించేసేవాణ్ణి కాబట్టి అనుమానం నా మీదే.

"ఒరేయ్ సీనూ, నువ్వేగా?" అంది విజ్జి.

"నీ మీద ఒట్టే, నేను కాదు!"

"నా మీదెందుకురా, నీ మీదేసుకో!"

నిజంగానే కాదు... ఆ వేళకి నేను ట్యూషన్‌లో గోడకుర్చీ వేసి ఉన్నా.

జాన్ అన్నకి వయసు దాటిపోతోంది, వాళ్ల నాన్న ఇఖామా మీద, అదే అక్కడుండే పర్మిట్టు మీద, ఇంక ఉండనివ్వరు. ఉగాది కాగానే కడపకి టికెట్టు. "ఊరికి పోతే నా చేతికి గూడా రెంచే రా... ఒక్కతూరి స్టేజీ ఎక్కి పాడాల" అన్నాడు.

ఉగాది పోగ్రాంలో ఎక్కాం. హాలు నిండా మెత్తటి తివాచీలు, మందపాటి తెరలు... మొదటి చరణం అయింది. అలవాటు కొద్దీ ముగ్గురం నోళ్లు మూసుకున్నాం. అప్పుడు తట్టింది... మెట్లు ఇంటి దగ్గరే ఉండిపోయాయి!

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జాన్ అన్న మెడ మీద చెమట...

అప్పుడొచ్చింది జవాబు. పైనుంచి. రెండు క్షణాలాగి, ఎప్పటిలాగే.

జనం ఒకటే చప్పట్లు. నా మిమిక్రీ అనుకున్నారు. నా నోరు మూసే ఉంది... నా చెయ్యి విజ్జి గోళ్ల కింద ఉంది. జాన్ అన్న మాత్రం పైకి కూడా చూడలేదు. నవ్వుతూ రెండో చరణం ఎత్తుకున్నాడు.

దిగాక అడిగితే, "మనోడే లేరా" అన్నాడు. వారానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు సబ్హాన్‌లో రెంచి పట్టుకుంది నేను. జాన్ అన్న కడపలో మనవణ్ణి ఎత్తుకుని తిరుగుతున్నాడు, పాట మానేశాడు. విజ్జి ఫోన్ చేస్తే షుగర్ మాత్రల గురించే. మా బిల్డింగ్ కూల్చేసి పార్కింగ్ చేశారు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం బండి అక్కడే ఆపా. చుట్టూ ఎవరూ లేరు, ఒక్క గోడ కూడా లేదు. ఈ బొంగురు గొంతుతో డుం డుం అని, నోరు మూసుకున్నా...

వచ్చింది. సరిగ్గా మూడో అంతస్తు ఉండాల్సినంత ఎత్తు నుంచి. పన్నెండేళ్ల పిల్లాడి గొంతు... నాదే.

మా అందరి గొంతులూ మారిపోయాయి... దానికి మాత్రం వయసు రాలేదు.

చిన్నప్పుడు మీకు ఇలా జవాబిచ్చిన చోటేదైనా ఉంటే కింద చెప్పండి... ఒకసారి వెళ్లి పిలిచి చూడండి. పలికితే మాత్రం నన్ను తిట్టకండి... ఈసారి కూడా నేను కాదు.