ఎర్ర తాడు కట్టిన ఆవు

నా మోకాలు ఎలా వాచిందో చూశారా! నిన్న ఒక ఆవు తన్నింది. దాన్ని మాత్రం ఏమీ అనకండి, తప్పంతా నాదే.

నా రీసెర్చ్ సంగతి తెలుసుగా. పశువుల ఒంటిమీద పాకే గోమార్లు కుట్టినప్పుడు ఆవు రక్తంలోకి ఒక పరాన్నజీవి పోతుంది. తెల్లకణంలో దూరి దొంగ సిగ్నల్స్ ఇస్తుంది. ఆ పిచ్చి కణం అవి నిజమని నమ్మి, దాన్ని తరమడం మానేసి తనతోపాటు పెంచుతుంది! ఆ సిగ్నల్స్ చూడాలంటే మందు పడకముందు తీసిన రక్తం కావాలి. మూడు నెలలుగా తిరుగుతున్నా, ఒక్కటీ దొరకలేదు.

మొన్న పశువుల డాక్టర్ గారు ఫోన్ చేశారు. "కోవూరు అవతల రమణమ్మ ఆవుకి అదే జ్వరం. ఎర్ర తాడు కట్టుంటుంది. మందు రేపు సాయంత్రం వస్తుంది, ఆలోపల రక్తం తీసుకో."

నిన్న ఫస్ట్ బస్సుకే పోయా. పాకలో రెండు జెర్సీ ఆవులు, రెండూ ఒకే రంగు. ఎర్ర తాడుది గంపెడు గడ్డి నమిలేసి, నా రికార్డు అట్ట కూడా కొరికింది. సూది పెట్టగానే ఈడ్చి ఒక్క తన్ను! 'జ్వరంలో కూడా ఎంత ఓపికో పాపం' అనుకున్నా. థర్మామీటర్ బ్యాగులోనే ఉంది. తీస్తే కదా! రెండో తన్ను కూడా తిని ట్యూబు నింపా. రమణమ్మక్క ఎందుకో నా మొహం చూడకుండా కాఫీ ఇచ్చింది.

ల్యాబులో స్లైడ్ చూసి మా సార్, "అమ్మాయ్, ఈ ఆవు నాకంటే ఆరోగ్యంగా ఉందే!" అన్నారు.

కుంటుకుంటూ మళ్ళీ బస్సెక్కా. వదుల్తానా?

"అక్కా, నిజం చెప్పు!"

"తాడు నేనే మార్చినా పాపా. జరంతో పడుండేదానికి రక్తం తీస్తే ఏం మిగుల్తాది? ఇది దుక్కలాగుంది, ఇస్తాదిలే అనుకున్నా."

కణాన్ని మోసం చెయ్యడానికి పరాన్నజీవి కావాలి. నన్ను మోసం చెయ్యడానికి మూరెడు తాడు చాలింది!

"రెండు చెంచాలే అక్కా, దానికేమీ కాదు."

"అట్టయితే ముందు నీది తీసుకో. నువ్వు పడిపోకుంటే దానిది ఇస్తా."

పంతం నాకు మాత్రం లేదా? కొత్త సూదితో నా చేతి నుంచే రెండు చెంచాలు ఒక ట్యూబులోకి తీశా. కళ్ళు తిరిగాయి. గుంజ పట్టుకుని, నవ్వుతూ నిలబడ్డా. అక్క జాలిపడి అసలు ఆవును చూపించింది. పాపం, సూది పెట్టినా అది కదల్లేదు. ట్యూబుకి మూత పెడుతుండగా డాక్టర్ గారి బండి వచ్చింది. అమ్మయ్య!

రాత్రి ల్యాబుకి పోయి గర్వంగా ట్యూబు సార్ చేతిలో పెట్టా. ఆయన మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయ్, ఇది అసలు ఆవుదే కాదు, మనిషిది. అదీ బొత్తిగా రక్తం లేని మనిషిది."

రెండో ట్యూబు జేబులోంచి తీసిచ్చా. అందులో ఉన్నాయి పరాన్నజీవులు, స్లైడ్ నిండా!

మొత్తానికి ఆవుకి ఇంజెక్షన్ పడింది. నాకు మాత్రం పూటకొక ఐరన్ మాత్ర.