వంగిన కొబ్బరిచెట్టూ, నా మొదటి రాజీ

ఆ రోజుల్లో మా కోనసీమలో లా చదివి బి.ఎల్. ప్యాసైనవాడికి దారులకు కొదవుండేది కాదు. ఏ దారిన పోవాలో చెప్పేవాళ్ళకు అసలే కొదవుండేది కాదు. నేను చెన్నపట్నం నుంచి పట్టా పుచ్చుకుని అమలాపురంలో బస్సు దిగేసరికి (ఊరంతా దండలతో ఎదురొచ్చిందని మా అమ్మ చెప్పుకునేది; వచ్చింది మా నాన్నగారూ, బాబాయీ, దండ తినడానికి ఒక మేకా) నా భవిష్యత్తు మీద ఇంట్లో విచారణ మొదలైపోయింది. అమ్మకు నేను మున్సిఫునై, బిళ్ళబంట్రోతు ముందు నడవగా వెనక నడవాలి. బాబాయి క్రిమినలన్నాడు. "ఒక్క ఖూనీకేసు గెలిచేవంటే జిల్లా అంతా దండం పెడతార్రా!" నాన్నగారు మాత్రం నింపాదిగా, "ఖూనీ ఒక్కసారే చేస్తారు. గట్టు తగాదా మూడు తరాలు తిండి పెడుతుంది. సివిలే" అని తీర్పు చెప్పారు.

ఆ తీర్పు వెనక సంగతి వేరే ఉంది. కొత్తపేట దగ్గర ఒక కొబ్బరితోట ఆసామి సివిలు ప్లీడరు అల్లుడి కోసం వెతుకుతున్నాడు. వాళ్ళమ్మాయిని నేను ఒక పెళ్ళి పంక్తిలో చూసే ఉన్నాను. నా విస్తట్లో లడ్డూ ఒకటి ఎక్కువ వేసింది (అది ప్రేమేనని ఏ హైకోర్టులోనైనా రుజువు చేసేవాణ్ణి). ఆ క్షణం నుంచీ నేను సివిలు.

పెళ్ళిచూపుల్లో కాఫీలయ్యాక ఆసామి, "సివిలాండీ, క్రిమినలాండీ?" అన్నారు.

"సివిలేనండీ."

"ఆయ్! అయితే ఓసారిలా రండి బాబూ" అని తోటలోకి తీసుకెళ్ళారు. గట్టు మీద ఒక కొబ్బరిచెట్టు. మొదలు ఈయన నేలలో, తల పొరుగాయన నేలలో. ఇంకాస్త వంగితే గోదావరి దాటేసేదే. కాయలెవరివన్నది వాళ్ళ నాన్నగారి నాటి దావా.

"తమరైతే ఏం చేస్తారండీ?"

అప్పీలు అని ఊరుకుంటే నా పెళ్ళైపోయేది. చెన్నపట్నం చదువు ఊరుకోనిస్తుందా? "చెట్టు కొట్టించేసి, చెరో మొక్కా పాతుకోండి. వారంలో రాజీ!" అన్నాను.

ఆయన ముఖాన నెత్తుటిచుక్క లేదు. "కొట్టేత్తారా? మా నాన్నగారి దావా ఏమైపోవాలండీ?"

గట్టవతల నుంచి పొరుగాయన తువ్వాలు దులుపుకుంటూ వచ్చేశారు. "మీ నాన్నగారిదొక్కటేనాండీ? మా నాన్నగారిది కాదూ? ఎవరండీ ఈ కుర్రాడు?"

"ప్లీడరంటండీ!"

"ఈయన ప్లీడరైతే కోర్టుకి తాళం పడిపోదాండీ?"

"అదేనండీ నేనూ అనేది!"

పుట్టి బుద్ధెరిగాక ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఆ ఇద్దరూ నన్ను తిట్టుకుంటూ వెళ్ళి ఒకే అరుగు మీద కూర్చున్నారు. కాఫీలతో నాకు పెట్టిన పూతరేకుల పళ్ళెం పొరుగాయన ముందుకు జరిగింది. నాతో వచ్చిన మా నాన్నగారు నన్ను రెక్క పట్టుకుని బస్సెక్కించి, అమలాపురం దాకా కిటికీతోనే మాట్లాడారు.

ఆ శ్రావణంలో ఆ అమ్మాయి పెళ్ళైంది. వరుడు పొరుగాయన కొడుకే. నా వృత్తిలో నేను కుదిర్చిన మొదటి రాజీ అదే. (దావా మానేశారా అంటే, అబ్బే! వియ్యంకులిద్దరూ ఒకే జట్కాలో కోర్టుకొచ్చి, దిగాక చెరో ప్లీడరు వెనకా నిలబడేవారు.)

ఇప్పుడు నా దగ్గర చేరిన జూనియర్లెవరైనా ఉత్సాహంగా "దీన్ని రాజీ చేసేద్దామండీ" అంటే, "పెళ్ళైందా నాయనా?" అని అడుగుతాను. కాలేదంటే, వాయిదా అడిగి రమ్మంటాను.