మా నాయన ఫోటోకి కళ్ళు పెట్టిన ఓబులేసన్న

నిన్న పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఫోన్.

"ఓబులేసు పోయినాడప్పా. గుండెపోటు."

రాంగ్ నంబర్ అనుకుని కట్ చేశా. మళ్ళీ నేనే చేశా. నిజమే.

నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

తెలియనివాళ్ళకు చెప్తున్నా. కొత్తచెరువులో చిన్న ఫోటో స్టూడియో ఓబులేసన్నది. చిరిగినవి, తడిసినవి, చెదలు తిన్నవి, ఎవరి ఇంటి పాత ఫోటో తెచ్చినా స్కాన్ చేసి, కంప్యూటర్లో చుక్క చుక్కా పూడ్చి బాగుచేసేవాడు.

మా నాయనకు ఉన్నది ఒక్కటే ఫోటో. నేను ఉయ్యాలలో ఉండగానే ఆయన పోయాడు. ఏటా పెద్దల అమావాస్యకు అమ్మ ఆ ఫ్రేమును తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టేది. ఆ తడి లోపలికి దిగి దిగి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. విడదీస్తే కళ్ళ దగ్గర మొత్తం తెల్లగా లేచొచ్చింది.

ఓబులేసన్న వారం రోజులు కూర్చున్నాడు. ముక్కు, మీసం, చొక్కా మడత కూడా తెచ్చాడు. కళ్ళు మాత్రం రాలేదు. ఇంటికొచ్చి అమ్మనే అడిగాడు.

"కండ్లు ఎట్లుండెనమ్మా? పెద్దవా, సిన్నవా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆయప్ప మొగం నేనెప్పుడు నిదానంగా సూసినానప్పా? తల వంచుకోనే ఉంటి."

నాలుగు రోజులకు ఫోటో తెచ్చాడు. నాయన నన్నే చూస్తున్నాడు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చా.

ఆ రోజు నుంచి నాయనతో మాట్లాడటం అలవాటైంది. బోరు ఎండినా, శెనక్కాయ పంట పోయినా ఆ కళ్ళలోకి చూసి చెప్పుకునేవాణ్ణి.

ఏడాది తర్వాత స్టూడియోలో టీ తాగుతూ అడిగా, ఆ కళ్ళు ఎక్కడ దొరికాయన్నా అని. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

"యాడా దొరకల్యాప్పా. నావే ఫోటో తీసి పెట్టినా. అమ్మకు మాత్రం చెప్పొద్దు."

నాకు ఒళ్ళు మండింది. నా కష్టాలన్నీ నీకు చెప్పుకున్నానా అని అరిచి వచ్చేశా. మూడేళ్ళు మాట్లాడలేదు. మొన్న సంతలో చెయ్యెత్తి పిలిస్తే మొహం తిప్పుకుని పోయా.

అదే ఆఖరు. నా అంత మూర్ఖుడు ఉండడు.

నిన్న మట్టి ఇచ్చే ముందు చూశా. కళ్ళు మూసి ఉన్నాయి.

ఇంటికొచ్చి తలెత్తితే అవే కళ్ళు, గోడ మీద, తెరిచి. అమ్మ ఎప్పటిలాగే వాటి ముందు దీపం పెడుతోంది. ఏం చెప్పను ఆమెకు?

అన్నా, క్షమించమని అడగడానికి నువ్వు లేవు. మా నాయన కళ్ళు ఎలా ఉండేవో నాకు ఇంకెప్పటికీ తెలియదు. నేను ఎరిగినవి నీవే. వాటిలోకి చూసే ధైర్యం ఇవాళ నాకు లేదు.

పోయిరా ఓబులేసన్నా. ఊరందరి ముఖాల కోసం స్క్రీన్ ముందు ఎర్రబడిన ఆ కళ్ళకు ఇప్పటికైనా నెమ్మది దొరకాలి.