సంతకు ముస్తాబైన గిటారు

ఇమ్మానుయేలు రోజూ తెల్లవారి అయిదింటికి లేచి, మొహం కడుక్కుని, మేకుకు తగిలించిన గిటారు దించుకుని వీధి అరుగు మీద కూర్చునేవాడు. అది కరెంటు గిటారు. వైరు తగిలించకపోతే దాని గొంతు దోమ గొంతుకంటే కాస్త పెద్దది, అంతే. లోపల పడుకున్న భార్య లీలారాణికి కూడా వినబడదు. అలా వైరు లేకుండానే ఒక స్తుతిపాట మొదటినుంచి చివరివరకూ వాయించి, ఆ తరువాతే బైబిలు తెరిచేవాడు. ఎదురింటి జగ్గమ్మ సరిగ్గా ఆ వేళకే వాకిలి ఊడవడానికి బయటికి వచ్చేది. ఈయన వేళ్ళు కదులుతున్నంతసేపూ చీపురు పక్కన పెట్టుకుని, నూతి గట్టు మీద కూర్చునేది. పాట ఆవిడకి వినబడదు. చెయ్యి ఆగడం చూసి లేచి ఊడ్చుకునేది. నలభై ఏళ్ళలో ఆ సంగతి గురించి వాళ్ళిద్దరూ ఒక్క మాటైనా అనుకోలేదు.

ఆ గిటారు గజపతినగరానిది కాదు, ఈ దేశానిదే కాదు. డెబ్భై నాలుగులో ఇమ్మానుయేలు జూట్ మిల్లులో ఫిట్టరు. యంత్రాల విడిభాగాలు తెమ్మని మిల్లువాళ్ళు అతన్ని కలకత్తా పంపారు. అక్కడ హోటళ్ళలో వాయించే పెద్దమనిషి ఒకాయన ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తున్నాడని విని, ఊరికే చూసొద్దామని వెళ్ళాడు. అప్పటికే పదేళ్ళు వాడిన అమెరికా గిటారు. నడుమ తేనెరంగు, అంచులకి పోయేకొద్దీ ఎరుపు, ఆపైన నలుపు. సాయంకాలం మబ్బు చూసినట్టు ఉండేది. ఇమ్మానుయేలు జేబులో ఉన్నది పెళ్ళికోటు కుట్టించుకోవడానికి దాచుకున్న డబ్బు. హౌరా నుంచి విజయనగరం దాకా ఆ గిటారును చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. పెళ్ళి అరువు కోటుతోనే జరిగింది. "నా పెళ్ళికొడుకు తన కోటు గిటారుకి తొడిగీసినాడు" అని లీలారాణి ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పి, తానే ముందు నవ్వుతుంది.

తెచ్చాడు సరే, వాయించడం ఎక్కడ? మిషను చర్చికి అప్పట్లో కరెంటు లేదు. పెట్రోమాక్సు దీపాల వెలుగులో ఆరాధన జరిగేది. ఇమ్మానుయేలు మిల్లులోని ఎలక్ట్రీషియను చేత పాత రేడియోకి కన్నం పెట్టించి, గిటారు దానిలో పలికేలా చేయించాడు. కాని రేడియోకైనా కరెంటు కావాలి కదా. ఆ మాట అరుగు మీద కూర్చుని ఎవరితోనో అంటుంటే ఎదురింటి వడ్రంగి, జగ్గమ్మ మొగుడు జగన్నాథం విన్నాడు. మరుసటి ఆదివారం పొద్దున్నే తన ఇంట్లోంచి ఒక వైరు లాగి, సందు మీదుగా, వెదురుబొంగు సాయంతో చర్చి కిటికీలోకి దించాడు. రేడియో దెబ్బతినకుండా దానికి టేకు పెట్టె కూడా చేసి ఇచ్చాడు.

సంఘపెద్దల్లో ఒకరిద్దరు గొణిగారు. జగన్నాథం ఇంట్లో రోజూ దీపం పెట్టుకునేవాళ్ళు, ఆ ఇంటి కరెంటు ఆరాధనకి పనికొస్తుందా అని. అప్పటి పాస్టరుగారు ముసలాయన, మెత్తని మనిషి. వాన మీ పొలంలో కురిసేముందు ఎవరి ఇంటి మీంచి వచ్చిందో అడిగారా అని అడిగి ఊరుకున్నారట. ఆ తరువాత పదకొండేళ్ళు, చర్చికి సొంత మీటరు వచ్చేదాకా, గజపతినగరం క్రైస్తవులు జగన్నాథం ఇంటి కరెంటుతో పాటలు పాడుకున్నారు. ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా జగ్గమ్మ ఇంట్లో ఏ స్విచ్చీ ముట్టుకునేది కాదు, పొరపాటున ఆ వైరుదే ఆర్పేస్తానేమోనని.

ఆ రోజుల్లోనే ఇమ్మానుయేలు, జగన్నాథం "బావా" అంటే "బావా" అనుకోవడం మొదలైంది. వరస లేదు, కులం ఒకటి కాదు. పిలుపు అలా నిలబడిపోయింది.

రెండువేల పదహారు నాటికి ఇమ్మానుయేలుకి అరవై తొమ్మిది. మిల్లు ఎప్పుడో మూతపడింది. ఆదివారం చర్చిలో పాటలకి వాయించడం, వారంలో రెండు రోజులు పిల్లలకి నేర్పడం, ఇదే పని. ఆ పిల్లల్లో షాలిని అని పాస్టరుగారి అమ్మాయి బాగా నేర్చింది. డిగ్రీ చదువుతోంది, చిన్న చేతులు. పాత గిటారు మెడ లావు, తీగలు ఎత్తు. వాయించి లేచేసరికి ఆ పిల్ల వేళ్ళు బొబ్బలెక్కేవి. లీలారాణి పిలిచి కొబ్బరినూనె రాసి పంపేది.

ఒకరోజు షాలిని అడిగింది. గాయకబృందానికి మంచి గిటారు ఒకటి కొనాలనుకుంటున్నారు, నెట్‌లో చూస్తే అందరూ పాతవే గొప్పవి అంటున్నారు, పాతది వెతకాలా, కొత్తది తీసుకోవాలా అని. ఇమ్మానుయేలు కాసేపు తీగలు సవరించుకుంటూ ఆలోచించాడు.

"కొత్తదే కొనుక్కోండమ్మా" అన్నాడు. "పాతదానికి దాని జబ్బులు దానికుంటాయి. నాది సూడు, వానాకాలం శ్రుతి దిగిపోతాది, ఎండాకాలం ఎక్కిపోతాది. ఎడమచెయ్యి తడైతే జివ్వుమంటాది. దాంతోపాటు ముసిలోడినయ్యాను కాబట్టి నాకు తెలుస్తాది ఏ పూట ఎలగుంటాదో. నీకెందుకమ్మా ఆ కష్టం?"

వంటింట్లోంచి లీలారాణి, "ముసిలోళ్ళకి జబ్బులుంటాయని ఇయ్యాల తెలిసిందేటి?" అంది.

షాలిని నవ్వి, ఫోనుతో ఆ గిటారును అటూ ఇటూ తిప్పి ఫోటోలు తీసుకుంది. ఆ ఫోటోలు ఎక్కడెక్కడ తిరిగాయో, నాలుగు రోజులకి విశాఖపట్నం నుంచి ప్రకాష్ అనే కుర్రాడు ఫోను చేశాడు. పాత వాయిద్యాలు కొని, వాటి మీద మోజున్నవాళ్ళకి అమ్ముతాడట. అతను చెప్పిన ధర విని ఇమ్మానుయేలు మళ్ళీ చెప్పమన్నాడు. దానితో ఒక కొత్త గిటారు, మంచి స్పీకరు పెట్టె వస్తాయి. ఇంకా చర్చి కిటికీలకి అద్దాలు వేయించేంత మిగులుతుంది. ఆ ఏటి చెక్క ఇప్పుడు దొరకదట, అలాంటి పని ఇప్పుడు ఎవరూ చెయ్యరట. ప్రకాష్ చాలాసేపు ప్రేమగా చెప్పుకుపోయాడు. చివర్లో ఒక మాట గట్టిగా అన్నాడు.

"తాతగారూ, దాన్ని తుడవకండి. ఒక్క మర కూడా మార్చకండి. రంగు పోయినచోట పోయినట్టే ఉండనివ్వండి. పాత గిటారుకి ఆ రంగూ ఆ గీతలే ధర. శనివారం నేనే వస్తాను."

ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ ప్రార్థనలో ఆ సంగతి దేవుడితో చెప్పుకున్నారు. వదులుకోవడం ఇమ్మానుయేలుకి సులువు కాలేదు. దాని మీద ప్రతి గీతా అతనికి తెలుసు. అడుగున రెండు చిన్న నొక్కులు, కూతురు స్వర్ణకి పళ్ళొచ్చే రోజుల్లో కొరికినవి. పక్కన పొడుగు గీత, ఒక క్రిస్మస్‌కి ఎడ్లబండి మీద ఊరేగుతూ పాడుతుంటే చక్రం గోతిలో పడ్డప్పటిది. కుడిచెయ్యి ఆనేచోట రంగంతా అరిగి కర్ర కనిపించేది. అయినా షాలిని వేళ్ళు గుర్తొచ్చి, ఇచ్చేద్దాం అనుకున్నాడు. ఊళ్ళో అందరికీ ధర మాట చెప్పాడు. తుడవకూడదన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, లీలారాణికి కూడా. మురికికీ గీతలకీ డబ్బిస్తారట అంటే నవ్వుతారని సిగ్గుపడ్డాడు.

గురువారం పొద్దున్నే శ్రీకాకుళంలో సువార్త సభలకి వెళ్ళి, శుక్రవారం సాయంత్రం తిరిగొచ్చాడు. బస్సు దిగి సందులోకి తిరిగేసరికి అరుగు మీద జగన్నాథం కూర్చుని ఉన్నాడు. పక్కన పాత దుప్పటి కప్పి ఏదో ఉంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. కంటి ఆపరేషను అయిన దగ్గరనుంచి, చేతులు వణకడం మొదలైన దగ్గరనుంచి, రెండేళ్ళుగా ఉలి పట్టలేదు. పనిముట్ల పెట్టె మంచం కిందికి తోసేశాడు. అలాంటివాడి గోళ్ళనిండా ఇవాళ పాలిషు ఉంది.

"ఏటి బావా ఇది?" అన్నాడు ఇమ్మానుయేలు.

జగన్నాథం దుప్పటి తీశాడు.

గిటారు ముదురు మెరూన్ రంగులో, పెళ్ళిపీటలా మెరుస్తోంది. పాత రంగంతా ఉప్పుకాగితంతో గీకేశాడు. నొక్కులన్నీ లప్పం పెట్టి పూడ్చాడు. ఆపైన రెండు పూతలు రంగు, మూడు పూతలు పాలిషు. మరలకి బ్రాసో పెట్టి తోమాడు. మబ్బు రంగు లేదు. చంటిపిల్ల పళ్ళ గుర్తులు లేవు. బండి గోతిలో పడ్డ క్రిస్మస్ లేదు.

"సంతకి తోలీ ఎద్దుకి కొమ్ములు సెక్కి రంగెయ్యకుండా ఎవుడైనా తోల్తాడేటి?" అన్నాడు జగన్నాథం. "పట్నంవోడు వొస్తాడు, గీతలు సూసి ధర తగ్గించీస్తాడు. నువ్వేమో అడగనేరవు. అందుకని సెల్లెమ్మనడిగి అట్టుకెళ్ళాను. రెండు రోజులు కూకున్నాను బావా. సెయ్యి వొణికినప్పుడు ఆపీసి, తగ్గినాక మళ్ళీ సేసీవోడిని. సూడు, ఎక్కడైనా పాలిషు ముద్దయి గార కట్టిందేమో."

ఇమ్మానుయేలు గిటారు చేతిలోకి తీసుకుని వెలుగుకి తిప్పి చూశాడు. ఎక్కడా గార కట్టలేదు. వణికే చేతులు అంత నున్నగా ఎలా చేశాయో తెలియదు.

"కొత్తదానిలాగున్నాది బావా" అన్నాడు.

అది అబద్ధం కాదు. జగన్నాథం మొహం చూసి ఇంకొక్క మాట అనలేకపోయాడు. జగ్గమ్మ వాళ్ళింటి గుమ్మంలోంచి, రెండేళ్ళ తరువాత ఈయన నిన్న రెండోసారి అన్నం అడిగి తిన్నాడని చెప్పింది.

ఇంట్లోకి వెళ్ళాక లీలారాణికి ఫోనులో విన్న మాట చెప్పాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. తెలిసుంటే ఇచ్చేదాన్నా, నాకైనా చెప్పలేదేమని ఏడ్చింది. తప్పు నాదేనన్నాడు. పోయిన డబ్బు పోయింది. షాలిని వేళ్ళకి ఇంకొన్నాళ్ళు కొబ్బరినూనె రాయాలి, పిల్లలు ఇంకో దారి చూసుకోవాలి, దానికి కూడా మనసు సరిపెట్టుకున్నాడు. ఒక్కటే అతని గుండెలో ములుకులా ఉండిపోయింది. శనివారం జగన్నాథం వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, తన పనితనానికి ఎంత పలుకుతుందో వినడానికి. ఆ కుర్రాడు గిటారు చూడగానే అయ్యో అంటాడు. ఎవడు పాడుచేశాడిది అంటాడు. చర్చికి వైరు లాగిన మనిషి ఆ మాట వినాలి.

పొద్దున్నే ఫోను చేశాడు. ప్రకాష్ అప్పటికే బస్సెక్కేశాడు. గట్టిగా విడమరిచి చెబుదామంటే, ఉతికిన చొక్కా తొడుక్కుని జగన్నాథం అప్పుడే అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. బస్టాండులోనే కలుస్తాను బాబూ అని పెట్టేశాడు. ఇల్లు కనుక్కోలేడేమో, ఎదురెళ్ళి తీసుకొస్తానని జగన్నాథంతో చెప్పి బయల్దేరాడు. దారిపొడుగునా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాడు. అబద్ధం లేకుండా ఈ పూట దాటించమని.

ప్రకాష్ పాతికేళ్ళవాడు. భుజాన సంచీ, సంచీలో చిన్న టార్చి, భూతద్దం కూడా తెచ్చుకున్నాడు. ఇమ్మానుయేలు అతన్ని టీకొట్టు వెనక బల్ల మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. సంతకి తోలే ఎద్దు సంగతీ చెప్పాడు, పదకొండేళ్ళ వైరు సంగతీ చెప్పాడు. కుర్రాడి చేతిలో టీ చల్లారిపోయింది.

"మొత్తం గీకేశారా తాతగారూ? కొంచెమైనా మిగల్లేదా?"

"ఏటీ మిగల్లేదు బాబూ."

ప్రకాష్ టీగ్లాసు కింద పెట్టేశాడు. తరువాత మెల్లగా, ఇక అది కొనేవాళ్ళకి పాత గిటారు కాదనీ, కొత్తదాని ధర కూడా రాదనీ చెప్పాడు. ఇంతదూరం వచ్చినందుకు కాదు గానీ, అలాంటిది మళ్ళీ దొరకదనే తన బాధ అన్నాడు. ఇక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళిపోనా, ఆయన కంటబడకుండా, అని కూడా అడిగాడు. మంచి కుర్రాడు.

"వద్దు బాబూ" అన్నాడు ఇమ్మానుయేలు. "మీరు రాకపోతే నా పని నచ్చలేదేమోనని కుములుతాడు. ఇంటికి రండి. సేత్తో పట్టుకుని సూడండి. పాలిషు పని నిజంగా బాగున్నాది, అది బాగుందని సెప్పడానికి మీకు నోరొస్తాది. ఇక ధర. మీచేత అబద్ధం ఆడించలేను, నానూ ఆడలేను. అందుకని ఇప్పుడే, ఇక్కడే అడుగుతన్నాను. ఫోనులో మీరన్నదానికి పదింతలిస్తేనే ఇస్తాను, పైసా తగ్గను. ఇవ్వగలరా?"

"ఇవ్వలేను తాతగారూ."

"మరి ఆ మాటే మా బావ ముందు సెప్పండి. ముసిలోడు ధర పదింతలు సేసీసినాడు, నా వల్ల కాదు అని లేసి వొచ్చీయండి. పిల్లలు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. రంగు మాట మాత్రం ఎత్తకండి బాబూ. ఈ ఒక్క ఉపకారం సేసి పెట్టండి."