రెండు సగాల తాళం

మనిషి మొహం చూసి నిజం చెబుతున్నాడో లేదో పట్టేయగలనని అప్పట్లో నాకు గొప్ప నమ్మకం. పటాన్‌చెరులో హైవే పక్కన ఒక మడిగె కిరాయికి తీసుకుని ఇంటర్నెట్ సెంటర్ నడిపేదాన్ని. పరీక్ష ఫలితాల కోసం పిల్లలు, బయోడేటాల కోసం ఫ్యాక్టరీ వాళ్లు, ఊరికి ఫోటోలు పంపుకునే బీహార్ కార్మికులు రోజంతా వచ్చిపోతుండేవాళ్లు. అందరికీ ఎదురుగా కూర్చునేదాన్ని కాబట్టి అందర్నీ చదివేశాననుకున్నాను. ఒక్క మనిషిని చదవలేకపోయాను, ఆ ఒక్కడూ నన్ను చెల్లె అని పిలిచినవాడు.

ఆయన వాగు పక్క ఊరి నీళ్ల కమిటీకి నాయకుడు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే మురుగు వాగులో కలిసి, అక్కడి నుంచి బోర్లలోకి దిగి, ఆ ఊళ్లో పంపు కొడితే పచ్చటి నీళ్లు వచ్చేవి. తాగడానికి ట్యాంకర్ వస్తేనే. అది కూడా దాని బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. ఆయన యూనియన్ పెట్టబోయి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, మంచి గొంతు. నాకు అన్నలు లేరు. చెల్లె అనేసరికి కరిగిపోయాను.

"పేపరోళ్లు ఒక్కనాడు రాస్తరు చెల్లె, తెల్లారి అండ్ల మిర్చి బజ్జీలు కడ్తరు. కంప్యూటర్ల పెడితే ఎప్పటికీ ఉంటది గదా. మాకు జెర నేర్పు" అన్నాడు.

నేర్పాను. సంగారెడ్డి నుంచి ముత్తంగి దాకా ఏ సంఘం వాళ్లు వచ్చినా అప్పట్లో నేర్పేదాన్ని. మహిళా సంఘాలకు ఈమెయిల్ తెరిచిచ్చాను. ఒక పార్టీకి కరపత్రం చేసి, ఎదుటి పార్టీకి అదే కరపత్రం రంగు మార్చి ఇచ్చాను. కమిటీ పని మాత్రం మనసు పెట్టి చేశాను. తెలుగులో టైపు చేస్తే అవతలి కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనిపించేవి. అందుకని ప్రతి పేజీనీ బొమ్మగా మార్చి వెబ్‌సైట్‌లో పెట్టేదాన్ని. నా కెమెరా పట్టుకుని వాగు వెంట తిరిగి నేనే ఫోటోలు తీశాను. ఆ కంపుకు రెండు పూటలు అన్నం సయించలేదు.

సైట్‌కు పాస్‌వర్డ్ పెట్టే రోజు ఆయనతో ఒక పెద్దమ్మ వచ్చింది. కూలికి పోయే మనిషి, కమిటీలో అందరికంటే గట్టి నోరు ఆమెదే. పాస్‌వర్డ్ అంటే తాళంచెవి లాంటిదని చెప్పాను. ఆమె వెంటనే అడ్డుపడింది.

"తాళంచెవి ఒక్కల కాడ్నే ఉంటదా? గట్లెట్ల? మా సంఘం పెట్టెకు రెండు తాళాలుంటయి. ఒక చెవి పెద్దమనిషి కాడ, ఇంకో చెవి వేరేటోళ్ల కాడ. ఇద్దరు కూడితేనే పెట్టె తెరుసుకుంటది."

నాకు నవ్వొచ్చింది గానీ, ఆమె మాట బాగుంది. పాస్‌వర్డ్‌ను రెండు సగాలు చేశాను. ముందు సగం అక్షరాలు, అవి ఆయనవి. వెనక సగం అంకెలు, అవి ఆమెవి. చదువు రాదు గానీ బస్సు నంబర్లు చూసి చూసి అంకెలు బాగా పట్టింది. ఫోటో మార్చాలన్నా మాట చేర్చాలన్నా ఇద్దరూ వచ్చేవాళ్లు. ఆయన తన సగం కొట్టి లేచేవాడు. ఆమె కుర్చీలో కూర్చుని, "గటు తిరుగు" అనేది. ఆయన నవ్వుతూ గోడవైపు తిరిగేవాడు. "నువ్వు గూడ తిరుగు బిడ్డా" అనేది నాతో. నా సెంటర్లో నేనే గోడ చూస్తూ నిలబడేదాన్ని. ఆమె ఒక్కో అంకెను వేలితో గట్టిగా, పంపు కొట్టినట్టు కొట్టేది.

ఒకసారి ఆయన ఒంటరిగా వచ్చి అడిగాడు. "పెద్దమ్మకు వయసైతున్నది. రేపు నంబర్ మరిస్తే ఎట్ల చెల్లె?" ఎంత మంచి మనసు అనుకున్నాను. సైట్ తెరిచేటప్పుడు మీ ఈమెయిలే కదా ఇచ్చాం, మర్చిపోయామని నొక్కితే కొత్త పాస్‌వర్డ్ దానికే వస్తుంది, ఏం భయం లేదన్నాను. ఫోటోల్లో అక్కర్లేనిది ఎలా కత్తిరించాలో, ఒక ఫోటోలోంచి మనిషిని తీసి ఇంకోదాంట్లో ఎలా అతికించాలో కూడా అదే కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాడు. పొమ్మన్నా పోకుండా నేర్చుకున్నాడు.

తర్వాత రావడం తగ్గించాడు. మండలం ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఏదో పార్టీ కండువా కప్పుకున్నాడని విన్నాను. కప్పుకుంటే కప్పుకున్నాడులే, ఊరికి మేలేగా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. మంచినీళ్ల పైపులైను ఏ ఊళ్లకు వేయాలో చూడటానికి హైదరాబాద్ నుంచి అధికారులు వస్తున్నారట. ముందు సైట్ చూసి వస్తామన్నారట. పాడైన కొత్త బోరు ఫోటో అప్పటికల్లా అందులో పడాలి. నేను ఆయనకు ఫోన్ చేశాను.

"మీటింగుల ఉన్న చెల్లె. నా సగం నీకు చెప్త, నువ్వే కొట్టు" అన్నాడు.

కొట్టాను. గోడవైపు తిరిగాను. పెద్దమ్మ తన సగం కొట్టింది. తప్పు అని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. చీర చెంగుతో వేలు తుడుచుకుని మెల్లగా ఒక్కొక్కటే కొట్టింది. అదీ తప్పే. ఇంకోసారి ఫోన్ చేశాను.

"ముసలామె నంబర్ మరిసినట్టుంది చెల్లె, ఏం జేస్తం" అన్నాడు. గొంతులో ఎంత జాలి!

ఎందుకో అనుమానమొచ్చి, బయటివాళ్లు చూసేటట్టు సైట్ తెరిచాను. వాగు లేదు. చచ్చిన చేపలు లేవు. బోర్లు లేవు. పైనుంచి కింద దాకా ఆయనే, కండువాతో. మధ్యలో పెద్దమ్మ ఫోటో. ట్యాంకర్ రాని రోజు ఒక అధికారికి చేతులు జోడించి నీళ్లడుగుతుంటే నేను తీసింది. అందులో అధికారిని కత్తిరించి, ఆ చోట తను నిలబడ్డాడు. కింద పెద్ద అక్షరాలతో, ఇంటింటికీ నీళ్లు తెచ్చిన నాయకుడికి దండాలు అని రాసుకున్నాడు.

అతుకు ఎక్కడా కనిపించలేదు. బాగా నేర్పాను. మర్చిపోయామని నొక్కి పాస్‌వర్డే మార్చేసుకునే దారి కూడా నేనే చూపించాను. గోడవైపు తిరిగి ఎందుకు నవ్వేవాడో నాకు అప్పుడర్థమైంది. నన్ను మోసం చేశాడు సరే, పెద్దమ్మ తన నంబర్‌నే తాను మర్చిపోయానని నమ్మేలా చేశాడే, అది నేటికీ మింగుడు పడదు.

పెద్దమ్మ తెరకు దగ్గరగా వంగి చూసింది. "గిది నేనేగదా? గీడు నా ముంగట ఎప్పుడు నిలవడ్డడు?"

చెప్పాను. అంతా విని, "అంటే నా నంబర్ నేను మరువలే" అంది.

"మరువలేదు పెద్దమ్మా."

అధికారులు వచ్చిన రోజు నేనూ ఆ ఊరికి వెళ్లాను, కెమెరా పట్టుకుని. మళ్లీ మొదట్నుంచి ఇంకో సైట్ చేద్దామని నా ఆవేశం. జీపు దిగిన పెద్దాయన పెద్దమ్మను గుర్తుపట్టి నవ్వాడు.

"నిన్ను నెట్‌లో చూశానమ్మా. మీకు నీళ్లొచ్చాయటగా."

ఫోటోలో ఉన్నది అబద్ధమని నేను చెప్పాను, ఊరంతా చెప్పింది. అధికారి తలూపాడు. అయినా జీపు పక్క ఊరికే తొందరపడింది. ఆ యేడు పైపులైను కూడా అటే పోయింది.

జీపు కదిలే ముందు పెద్దమ్మ సీసాలో పట్టుకొచ్చిన పచ్చటి నీళ్లను ఆ పెద్దాయన ముందు ఎత్తిపట్టింది. ఇదన్నా మిగలాలని నేను కెమెరా ఎత్తాను. ఆమె నావైపు చూసి, సీసా దించేసింది.

"వద్దు బిడ్డా" అంది. "ఫోటో తియ్యకు."