ఆగు బాబాయి, రెండు గుర్రాలు

ఇప్పుడు పొద్దున్నే నేను టీ వేడిగా తాగుతున్నాను. మావారు ఉన్నన్నాళ్ళూ ఆ భాగ్యం నాకు లేదు. గ్లాసు పెదవుల దాకా వెళ్ళేసరికి ముందు గదిలోంచి "ఆగు! ముందు ఇది చూడు!" అని కేక వినబడేది. ఆయనకున్న పిచ్చల్లా ఆ ఒక్క మాటే. ఎవరిని చూసినా, దేన్ని చూసినా "ఆగు" అనేవారు. వీధి మొత్తానికి ఆయన ఆగు బాబాయి. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు.

ముందు గదే మా కొట్టు. కంప్యూటర్లో గేములాడేవాళ్ళకి మానిటర్లు అమ్మేవారు. అమ్మేవారు అన్నాను గానీ, వద్దని పంపించిందే ఎక్కువ. కిటికీ పక్కన బల్ల మీద రెండు తెరలు పెట్టుకున్నారు. రెండింటిలోనూ ఒకటే గుర్రం, కంచె వెంట పరిగెడుతూ ఉండేది. ఎడమ తెరలో దాని కాళ్ళు ముందుకు వెళ్ళిపోయేవి, తల వెనకే ఉండిపోయేది. నడుం దగ్గర అడ్డంగా చీర చిరిగినట్టు ఒక గీత. కుడి తెరలో అదే గుర్రం పాలు ఒలికినంత నున్నగా పోయేది.

"ఎందుకలా చిరుగుతుందో చెప్పు," అనేవారు.

నేను చెప్పేలోగా ఆగలేక, ఆయనే అందుకునేవారు అనుకుంటున్నారా? అబ్బే. నేను చెప్పేదాకా బల్ల పక్కన నిలబడే ఉండేవారు. టీ చల్లారిపోయేది అక్కడే.

నాకు నత్తి. మాట గొంతు దాకా వచ్చి గడప మీద కూర్చుంటుంది. చిన్నప్పుడు మా ఇంట్లో "పె... పె..." అంటే పెట్టె అడిగినా పెన్ను చేతిలో పెట్టేవారు. అలా తీసుకున్న పెన్నులతోనే ఏదో కాస్త రాయడం వచ్చింది, చదువంటూ పెద్దగా లేదు. అలాంటి నాతో ఆయన రోజూ పలికించిన మాట ఏమిటంటే, అడాప్టివ్ సింక్.

"కంప్యూటరు బొమ్మలు గీసి పంపుతుంటుంది," అని మెల్లగా మొదలుపెట్టేదాన్ని. "ఒకటి చిటికెలో వస్తుంది, ఒకటి ఆలస్యమవుతుంది. ఎడమదానికి ఓపిక లేదు. పాత బొమ్మ సగం, కొత్త బొమ్మ సగం కలిపి చూపించేస్తుంది. కుడిది ఆగుతుంది. బొమ్మ పూర్తిగా వచ్చాకే మారుస్తుంది."

"దాన్నేమంటారు?"

అ... అ... అ... గుర్రం ఎన్ని కంచెలు దాటేదో ఆ దేవుడికే తెలియాలి.

ఒకసారి టైపు పని చేసే ఒకాయన వచ్చి అన్నిటికన్నా మంచి మానిటర్ ఇవ్వమన్నాడు. "ఆగండి. మీ అక్షరాలేమైనా పరిగెడతాయా? కదలనివాటికి ఈ సింకు దండగ," అని మామూలుది చేతిలో పెట్టి పంపారు.

సెలూన్లో అయితే మరీనూ. "ఆగవయ్యా! ఎడమ మీసం ఒక ఫ్రేము, కుడి మీసం ఇంకో ఫ్రేము!"

"ఫ్రేమంటే ఏంటి బాబాయి?" అని అడిగాడా సెలూనతను. ఫ్రేమంటే తెర మీద పడే ఒక్కో బొమ్మ. అడిగిన పాపానికి ఆ పూట ఇంకొకరి గడ్డం గీసింది లేదు.

కొన్నవాళ్ళని కూడా వదిలేవారు కాదు. "పెట్టె మీద రాసుంటే సరిపోదు, లోపల సింకు ఆన్ చేశారో లేదో," అంటూ ఇంటింటికీ వెళ్ళేవారు. భోజనాల దగ్గరా, పిల్లని నిద్రపుచ్చుతున్న దగ్గరా దూరిపోయేవారు. ఒక్క బటను చూడడానికి అంతసేపేమిటని నేనడిగితే, "నొక్కగానే అయిపోతుందా? ఆగద్దూ?" అనేవారు.

ఈ వీధికి కాపురానికొచ్చిన కొన్నేళ్ళకి నా నత్తి తగ్గుతోందనిపించింది. కూరల కొట్టులోనూ మందుల షాపులోనూ ఎవరూ నా మాట లాక్కునేవారు కాదు. పెట్టె అడిగితే పెట్టే వచ్చేది. ఎంత ఆశ్చర్యపోయానో!

ఆయన పోయాక మా మరిది వచ్చాడు. మనిషి మంచివాడే, ఎడమ తెర లాంటివాడు.

"వదినా, వచ్చినవాళ్ళకి చెప్పి అమ్మడం నీ వల్ల కాదు. కొట్టు తీసేద్దాం. ఈ రెండు తెరలూ విప్పి సాయంత్రానికి అట్టపెట్టెల్లో సర్దేయ్. రేపు బండి తెస్తాను."

"నే... నే..."

"నేను సర్దుతాలే అంటావు. అంతేగా?"

నేను కొట్టు నడుపుతాను అనబోయాను.

అంతలో అంబులెన్స్ డ్రైవరు లోపలికొచ్చాడు. మా దగ్గర ఎప్పుడో మానిటర్ కొన్నవాడే.

"పిన్నీ, మా చెల్లి గేములు మొదలెట్టింది. దాని కంప్యూటర్ నాదంత గట్టిది కాదు. దానికీ ఈ సింకు కావాలా, దండగా?"

"అ... అ..."

"అక్కర్లేదంటోంది వదిన," అన్నాడు మరిది.

"ఆగండి సార్," అన్నాడు డ్రైవరు. "బొమ్మ ఇంకా వస్తోంది."

నేను అతని వైపు తిరిగాను.

"బాబాయి మాటే పిన్నీ. ఆన్ చేశానో లేదో చూడ్డానికొచ్చి, వెళ్తూ వెళ్తూ చెప్పేవాడు. 'మా ఆవిడ మాట్లాడేటప్పుడు మధ్యలో అందుకోకురా, బొమ్మ చిరుగుతుంది' అని. నాకే కాదు, కూరల కొట్టులో, మందుల షాపులో, అందరికీ ఇదే పాఠం. సెలూనతనికైతే ఒప్పజెప్పేదాకా వదల్లేదట."

నా నత్తి వీసమెత్తు కూడా తగ్గలేదన్నమాట! వీధి వీధంతా ఇన్నాళ్ళూ నా కోసం ఆగింది. అంతమందినీ ఒక్కరొక్కరిగా ఆన్ చేసుకుంటూ వెళ్ళాడా మనిషి! నవ్వొచ్చేసింది.

"అలాంటిదానికే ఎక్కువ కావాలి," అన్నాను, నాకు పట్టినంతసేపు తీసుకుని. "గట్టి కంప్యూటరు తన పాటికి తాను పంపుతూనే ఉంటుంది. ఎప్పుడు ఎంత ఆలస్యమవుతుందో తెలియనిదాని కోసమే తెర ఆగాలి."

అతను చెల్లికి ఒకటి తీసుకెళ్ళాడు.

సాయంత్రం మరిది మళ్ళీ వచ్చాడు. అట్టపెట్టెలు గోడ పక్కన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒకదాని మీద నా టీ గ్లాసు ఉంది. కిటికీ పక్కన గుర్రాలు రెండూ పరిగెడుతూనే ఉన్నాయి.

"సర్దలేదేంటి వదినా?"

"ఆ... ఆ..."

ఏదో అందుకోబోయి, నోరు మూసుకున్నాడు. బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుడి తెరలో గుర్రం ఒక కంచె దాటింది, ఇంకొకటి దాటింది.

"ఆగు," అన్నాను.